ఎడమ ముందుకాలు

కుర్చీ వీపు మీద రెండు వేళ్లు ఆనించాడు డానియల్. నొక్కలేదు కూడా, ఊరికే ఆనించాడు. టక్ మంది. వేళ్లు తీశాడు, మళ్లీ టక్. కుడి ముందుకాలు లేచినప్పుడు ఎడమ వెనకకాలు నేలకు తగులుతుంది, అది లేచినప్పుడు ఇది తగులుతుంది. మోత్కూరు ఇంట్లో పదకొండేళ్లు కదలకుండా నిలబడ్డ కుర్చీ, నల్లగొండలో ఈ కిరాయి ఇంటికి వచ్చిన మూడో రోజుకే కుంటడం మొదలుపెట్టింది. గోడ గడియారం తొమ్మిది చూపిస్తోంది. మోత్కూరు నుంచి పొద్దుటి బస్సు నకిరేకల్ తిరిగి వచ్చేసరికి పదవుతుంది. అంటే ఈ కుర్చీ చేసిన వడ్రంగి, వడ్ల ఐలాచారి, ఈ గుమ్మంలోకి రావడానికి ఇంకా గంట. రానీ, వచ్చి తన పని తన కళ్లతో చూసుకోనీ అని నిన్న సాయంత్రం అనుకున్నాడు. పొద్దున లేచేసరికి ఆ కోపం ఎటు పోయిందో తెలియదు, ఫోన్లో తను అన్న మాటలు మాత్రం చెవిలో మిగిలాయి. "చారీ, నీ కుర్చీ కుంటుతాంది. కాలు పొట్టిగ కోసినవ్. గిన్నేండ్లు నిన్ను నెత్తిన వెట్టుకొని తిరిగిన, గిదేనా నీ పనితనం?" అవతల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు, ఒక మేక అరుపు, మళ్లీ గిన్నెలు. పెట్టేశాడేమో అనుకుంటుండగా ఐలాచారి గొంతు వచ్చింది. "రేపొస్త సార్." అంతే. కాదనలేదు, ఎట్ల కుంటుతాందని అడగలేదు. డెబ్బై దాటిన మనిషి, మాటకు మాట అంటించడంలో మోత్కూరులో పేరున్న మనిషి, నిన్న ఒక్క మాట తిరిగి అనలేదు.

అసలు తను ఆ మాట ఎందుకన్నాడు. నిన్న బిడ్డ గ్లోరీ, తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వస్తూ వస్తూ ఇటు తొంగిచూసి, బ్యాగు కూడా దించకుండా ఆ కుర్చీలో కూలబడింది, కుర్చీ టక్ మంది, ఆమె నవ్వింది. "గింతేనా డాడీ మీ చారి గొప్పతనం? సిన్నప్పటిసంది చెప్పిచెప్పి మా చెవులు తినేస్తిరి." ఆమె నవ్వులో ఏమీ లేదు. చిన్నప్పుడు తన అక్షరాలు వంకరపోతే తండ్రి ఎట్లా ఆటపట్టించేవాడో అట్లాగే అన్నది, రెండు పకోడీలు నోట్లో వేసుకుని వెళ్లిపోయింది. కానీ డానియల్‌కు ఒళ్లు మండింది. ఆ నవ్వు కుర్చీ మీద పడినట్టు లేదు, నిరుడు పోయేదాకా అందులో పదేళ్లు కూర్చున్న తన భార్య మెర్సీ మీద పడినట్టుంది. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీ లైబ్రరీలో పనిచేసి, గొంతు పెంచకుండానే రిటైరైన మనిషి, నిన్న ఒక ముసలి వడ్లాయన మీద గొంతు పెంచాడు. ఇంట్లోంచి సామాను కదిల్చినప్పుడు మనిషిలో కూడా ఏదో కదులుతుందేమో. మోత్కూరు ఇంటాయన ఇల్లు పడగొట్టి షట్టర్లు వేస్తానన్నాడు, నెల గడువిచ్చాడు, చెడ్డవాడేమీ కాదు. గ్లోరీ తనింటికి రెండు వీధుల దూరంలో ఈ పోర్షన్ చూసిపెట్టింది. గాలి బాగానే వస్తుంది. పక్కింటి వాళ్ల పోపు వాసన సరిగ్గా తనకు ఆకలయ్యే వేళకే వస్తుంది. పొద్దున్నే కిటికీలోంచి ఇంత ఎండ ముక్క వచ్చి మంచం కాళ్ల దగ్గర పడుకుంటుంది. వీటిని ఒక్కొక్కటిగా మెర్సీకి చెప్పడం అలవాటు, మనసులోనే. మూడు రోజుల నుంచి చెప్పడానికి కొత్త సంగతులు బాగానే దొరుకుతున్నాయి. నిన్నటి ఫోన్ సంగతి మాత్రం చెప్పలేదు.

ఎండ ఇప్పుడు కుర్చీ చేతుల దాకా వచ్చింది. ఎవరో పాతింటి దూలం అమ్మితే తెచ్చిన టేకు అది, కోయకముందే అరవై ఏళ్లు ఎండిన చెక్క. వార్నిష్ లేదు, నూనె పట్టించి పాతగుడ్డతో రుద్దిన మెరుపే. మేకు ఒక్కటి లేదు. చెక్క చెక్కలోకి దిగి, అక్కడ మళ్లీ చెక్క చీలతో బిగిసి, ఎక్కడ కలిశాయో గోరు పెట్టి వెతికినా గోరు ఆగదు. కూర్చునే పలక మధ్యలో, నీళ్లు తాగడానికి దోసిలి పట్టినప్పుడు అరచేయి ఎంత లోతవుతుందో అంతే లోతు. చేతుల చివర్లు చూస్తే మామూలుగా గుండ్రంగా ఉంటాయి, పట్టుకుంటేనే తెలుస్తుంది కింది వైపు వేళ్లకు నాలుగు చిన్న పల్లాలున్నాయని. మెర్సీ లేచేటప్పుడు వాటిని పట్టుకుని లేచేది. పోలియో చుక్కలు వేస్తూ, బాలింతలను చూస్తూ ముప్పై ఊళ్లు తిరిగిన నర్సు మోకాళ్లు యాభై రెండుకే అరిగాయి. ఆ పల్లాలు లేకపోయినా కుర్చీ కుర్చీయే, చూసేవాళ్లకు అవి కనబడవు. వీపు పలకలు నాలుగే. ఐదో పలక పెడితే ఇంకా నిండుగా ఉండేదని ఎవరైనా అంటారు. పెట్టకపోవడం వల్ల, నడుము నొప్పి పుట్టే చోట సరిగ్గా ఖాళీ ఉంది, అక్కడ ఆమె చిన్న మెత్త పెట్టుకునేది. ఇంత తెలిసిన చేయి, ఇంత మటుకే చేసి ఆగింది. చేయడం చాలామందికి వస్తుంది, ఆగడమే రాదు అని డానియల్ ఎన్నోసార్లు అనుకున్నాడు, లైబ్రరీకి వచ్చిన పుస్తకాలు చదివినప్పుడూ అనుకున్నాడు, పెండ్లిళ్లలో వడ్డన చూసినప్పుడూ అనుకున్నాడు.

ఐలాచారి పని మొదట చూసింది లైబ్రరీలోనే. పత్రికలు పెట్టుకోవడానికి ఒక స్టాండు కావాలంటే ప్రిన్సిపాల్ ఈయనకు చెప్పాడు. చేసి తెచ్చి గోడకు ఆనించి వెళ్లిపోయాడు, బాగుంది, అంతకంటే ఏమీ అనిపించలేదు. ఎండాకాలం సున్నాలు వేసేటప్పుడు దాన్ని పక్కకు జరిపితే వెనకవైపు కనబడింది. ఎవరూ చూడని ఆ వైపు ముందువైపు కంటే నున్నగా ఉంది, చేయి పెడితే జారింది. మరునాడు బజారులో దొరకబుచ్చుకుని అడిగాడు. "గోడదిక్కు ఎవలు సూస్తరు చారీ, గంత నున్నగ ఎందుకు చేసినవ్?" ఐలాచారి బీడీ నోట్లోంచి తీయకుండానే అన్నాడు, "గోడకు గుచ్చుకోదా సార్." ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ డానియల్‌కు నవ్వొస్తుంది, ఇప్పుడు కూడా వచ్చింది, వెంటనే ఆగిపోయింది. గోడకు గుచ్చుకుంటుందని చూసుకున్న మనిషికి తను గిదేనా నీ పనితనం అన్నాడు. ఆ స్టాండు చూసినప్పటి నుంచి ఎవరి ఇంట్లో పెండ్లి కుదిరినా, ఎవరు ఇల్లు కట్టినా, చారితోనే చేయించండని వెంటపడ్డాడు. సగం మంది వినలేదు. ఆయన పని చూడనీకి ఏముంటది సార్, బోసిగ ఉంటది అనేవారు. వాళ్లకు సోఫా చేతులకు సింహాలు కావాలి, మంచం తలాపున నెమళ్లు కావాలి. ఇప్పుడు వాటిని యంత్రమే చెక్కుతుంది, పొద్దుటికల్లా పది నెమళ్లు. గ్లోరీ ఇంట్లోనూ ఉంది అటువంటి సోఫా, ఎర్ర వెల్వెట్‌ది. పాపం దాని మీదా హాయిగానే నిద్ర పడుతుంది.

మెర్సీ కూడా మొదట పువ్వులే అడిగింది. రాష్ట్రం వచ్చిన ఏడాది, జూన్ అయిపోతుండగా, కుర్చీ సంగతి మాట్లాడటానికి ఐలాచారి ఇంటికి వచ్చాడు. ఆరోజు తను ఇంట్లోనే ఉన్నాడు, ఆ మాటలు బాగా గుర్తు. "చారన్నా, వీపుకు పైన జర నాలుగు పువ్వులు, రెండు తీగలు చెక్కరాదు?" "చెక్కొచ్చు చెల్లె. దుమ్ము వడుతది. రోజు పుల్లవెట్టి తీసుకుంటవా?" "అందం గదన్నా, సూస్తందుకు." "నువ్వు కూసుంటే పువ్వులు నీ వీపెనక ఉంటయి. నీకు కనవడయి, నాకు పని, మీ సార్‌కు కర్సు. మరి ఎవలకోసం?" "వచ్చిపోయేటోళ్లకు." "వచ్చిపోయేటోళ్లకు చాయ్ వొయ్యి, సంతోషపడతరు." ఆమెకు కోపం వచ్చింది, కానీ చాయ్ మాత్రం ఆయనకే పోసింది. ఆయన కింద బండల మీదే కూర్చుని తాగాడు, ఇంట్లో, వాకిట్లో కాదు. కప్పు తనే కడగబోతే ఆమె లాక్కుంది. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు, డానియల్ ఒక్కడే అనుకున్నాడు. నాయిన బతికి ఉంటే ఇది చూడాల్సింది అనుకున్నాడు. ఆయన కాలంలో తమవాళ్లు వడ్లవాళ్ల కొట్టం దగ్గరికి పోతే కట్టె ఇచ్చి దూరం నిలబడాలి, సేద్యపు గుంటుక బాగయ్యాక కింద పెడితే తీసుకోవాలి. నాయిన ఎవరి ముందూ కుర్చీలో కూర్చోలేదు. తనకు ఉద్యోగం వచ్చిన నెలలో ఒక ఇనుప మడత కుర్చీ కొని తెచ్చి, కూర్చో నాయినా అంటే, ముందు తువ్వాలతో తుడిచాడు, తరువాత అంచు మీద కూర్చున్నాడు, ఎవరో వస్తే లేవాలి అన్నట్టు. చనిపోయేదాకా ఆ అంచు మీదే. వెనక్కి వాలి కూర్చోవడం ఆ వీపు నేర్చుకోలేదు. అందుకేనేమో డానియల్‌కు జీవితంలో నగల మీద, వాచీల మీద లేని మోజు కుర్చీల మీద పుట్టింది. మనిషిని వెనక్కి వాలమని చెప్పే వస్తువు అది. ఎంత బాగా చెబుతుందో దాన్నిబట్టి చేసినవాడెవరో తెలుస్తుంది.

మెర్సీ మాత్రం మొదటి రోజే వాలింది. కళ్లు మూసుకుంది. కాసేపయ్యాక, "పువ్వులుంటే గుచ్చుకునేటియేమో" అంది, అంతే, మళ్లీ పువ్వుల మాట ఎత్తలేదు. కుర్చీ చోటు ముందే నిర్ణయించుకుంది, వెనక తలుపు పక్కన, వేపచెట్టు నీడ సగం, వెలుతురు సగం పడే మూల. సాయంత్రం దవాఖాన నుంచి రాగానే అక్కడ కూర్చుని రిజిస్టర్లు రాసుకునేది, పప్పులో రాళ్లు ఏరేది, గ్లోరీకి జడ వేసేది. ఆ మూల కూర్చుంటే వీధి కనబడదు, వంటింట్లో పొయ్యి కనబడుతుంది, పెరట్లో జామచెట్టు మీది ఉడుతలు కనబడతాయి. ఆ మూలలో ఒక బండ లోటు. నల్లా పైపు కోసం తవ్వి మళ్లీ పరిచినప్పుడు సరిగ్గా కూర్చోలేదు, ఒక వైపు దిగిపోయింది, ఇల్లు కడిగితే నీళ్లన్నీ వచ్చి ఆ బండ మీదే నిలిచేవి. ఇంటాయనకు చెబితే చూద్దాం అనేవాడు, చూసేవాడు కూడా, వచ్చి చూసి వెళ్లేవాడు. మెర్సీ చీపురుతో ఆ నీళ్లు తోస్తూ, ఇది నా చెరువు అనేది. చెరువు. నీళ్లు. డానియల్ చూపు కుర్చీ మీద ఉంది గానీ ఆయన దాన్ని చూడటం లేదు. నీళ్ల గురించి ఆమె ఇంకేదో అన్నది. అన్నం దగ్గర అన్నది. తను పేపరు చదువుతున్నాడు, కొత్త రాష్ట్రం కబుర్లు, పేజీలు పేజీలు, కంచం పక్కన పేపరు మడిచి పెట్టుకుని చదువుతూ తింటున్నాడు. ఆమె నవ్వుతూ చెబుతోంది. "మీ చారికి జర తిక్కున్నట్టుంది. గియ్యాల కొల్తలు తీసుకోనీకి వచ్చి..." వచ్చి ఏం చేశాడు. దారానికి ముడులు వేసుకున్నాడు, టేపు వాడడు, మోకాలు దగ్గర దారం కొస నన్నే పట్టుకోమన్నాడు, అది. తరువాత, యాడ కూసుంటవ్ చెల్లె అని అడిగిండు. ఈడ అన్న. ఈడేనా, జర గిటు జరిగితే అయిద్దా అన్నడు. కాదన్నా, ఈడికెల్లి నాకు పొయ్యి కనవడతది అన్న. అయితె సెంబుల నీళ్లు తెమ్మన్నడు. నేను తాగనీకేమో అనుకొని తెస్తే, బండల మీద వోసిండు. వోసి, కింద కూసొని అవి యాడికి వోతున్నయో సూసుకుంట కూసున్నడు, సిన్న పోరని లెక్క. అప్పుడు తను ఏమన్నాడు. ఊఁ అన్నాడు. పేజీ తిప్పాడు.

లేచాడు. మెర్సీ కుట్టుమిషన్ పెట్టె ఇంకా విప్పలేదు, తాడు తెంపి లోపల వెతికి టేపు తీశాడు. వంగి కుర్చీని పక్కకు పడుకోబెట్టాడు, అంత నెమ్మదిగా మనిషిని కూడా ఎప్పుడూ పడుకోబెట్టి ఉండడు. కుడి ముందుకాలు కొలిచాడు. వెనకవి రెండూ కొలిచాడు, వాటి వాలు వేరు గనుక అడ్డుపట్టె నుంచి కిందికి కొలిచాడు. మూడూ ఒక్క లెక్క, నూలుపోగు తేడా లేదు. ఎడమ ముందుకాలు కొలిచాడు. చిటికెన వేలు మందం ఎక్కువ. మళ్లీ కొలిచాడు. ఏ కాలూ పొట్టిగా లేదు. ఒక కాలు పొడుగ్గా ఉంది, ఆ దిగిన బండ లోతు ఎంతో అంత పొడుగ్గా. ఇంటాయన బండ సరిచేయడు, ఆమె జాగా మార్చుకోదు, ఇద్దరినీ ఏమీ అనకుండా ఆయన కాలు పెంచాడు. పెంచి, పెంచానని ఎవరికీ చెప్పలేదు. చెబితే అది కూడా ఒక పువ్వే అవుతుందనుకున్నాడో ఏమో. పదేళ్లు ఆమె చాయ్ గ్లాసు ఆ కుర్చీ చేతి మీద తొణకకుండా నిలబడింది, ఎందుకు నిలబడిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ నీళ్లు చూసిన ఒక్క మనిషి అన్నం దగ్గర నవ్వుతూ చెబితే, తను ఊఁ అన్నాడు. డానియల్ అలాగే నేల మీద కూర్చుండిపోయాడు, టేపు చేతిలో. ఇంట్లో నేల తళతళలాడుతోంది, కొత్త టైల్స్, నీళ్లు పోస్తే ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడేంత చదును.

ఫోన్ తీసి చేశాడు. ఇంకా బస్సులోనే ఉంటే నకిరేకల్‌లో దిగి వెనక్కి పొమ్మందామని, ముందు తప్పు నాదే అని చెబుదామని. ఎత్తింది ఆయన కోడలు ప్రవళిక. "మామ ఫోన్ ఇంట్లనే వెట్టిపోయిండు సార్. పొద్దుగాల ఏడు గొట్టకముందే ఎల్లిండు. అన్నం దిను మామా అంటే ఇనలే." "జర ఏమన్న అన్నడా బిడ్డా?" "ఏమంటడు సార్. రాతిరి కొట్టంలకు వోయి రంపం తీసిండు, పొద్దుందాక దానికి ఆకురాయి పట్టిండు. కండ్ల ఆపరేషనై ఇంక పదొద్దులు గాలే, వంగొద్దు, దుమ్ముల ఉండొద్దని దవాఖానల ఒకటే చెప్పిన్రు. నా మాట ఇంటడా. సార్‌కు చేసింది తప్పిందట, నేను వోవాలె అన్నడు." ఆమె గొంతులో నింద లేదు, అది ఉన్నా బాగుండేది. "మీరన్న జర చెప్పుండ్రి సార్, వంగనియ్యకుండ్రి. మీ మాటంటే ఇంటడు." సరే బిడ్డా అన్నాడు. మీ మాటంటే వింటాడు. నిన్న విన్నాడు కదా, అదే ఇంత పని చేసింది.

పదికి పావు తక్కువ. కుర్చీని లేపి నిలబెట్టాడు. అబద్ధం ఆడొచ్చు. గ్లోరీ వాళ్ల ఆడబిడ్డ పెండ్లి కార్డు మందంగా ఉంది, నాలుగు మడతలు వేసి నేలకు తగలకుండా లేచిన కాలి కింద దోపాడు, ఊగడం ఆగింది గానీ కుర్చీ ఒక పక్కకు ఒరిగింది, అలిగిన మనిషిలా. తీసేశాడు. కుర్చీ బాగానే ఉంది చారీ, టైల్స్ కింద ఇసుక రేణువేదో ఉండె, ఊడ్చిన, అంటే. ఆయన నమ్మడు. రెండు వేళ్లు ఆనిస్తే చాలు. నిజం చెబితే మాత్రం ఏమని చెప్పాలి. నువ్వు తప్పు చేయలేదు అని చెబితే చాలదు, చేయలేదని ఆయనకు తెలియకుండా ఒక రాత్రంతా ఆకురాయి పట్టాడు కదా, ఆ రాత్రిని ఎవరు వెనక్కి తెస్తారు. పనిమంతుడికి చేయి ఆగిపోయే వయసులో వచ్చే భయం ఒకటుంటుంది, ఇన్నాళ్లు చేసిందంతా నిజంగా బాగుందా, లేక జనం మొహమాటానికి అన్నారా అని. ముప్పై ఏళ్లు మెచ్చుకున్న మనిషే ఫోన్ చేసి ఆ భయానికి సాక్ష్యం చెప్పాడు. మెర్సీ ఉంటే ఏమనేది. ఏమీ అనదు, చాయ్ పెట్టేది. అవును, చాయ్. పాలు ఉన్నాయి. ఇంకా ఆమె ఏమేం చెప్పి ఉంటుంది, ముప్పై నాలుగేళ్లు, ఎన్ని అన్నాల దగ్గర. ఎన్ని ఊఁలు. అవన్నీ ఇలా ఎక్కడో పడి ఉండి, కావలసిన రోజున ఒక్కొక్కటీ లేచి వస్తాయంటే, అదీ ఒక దయే. పాలు పొంగబోతుంటే పొయ్యి తగ్గించాడు. కింద ఆటో ఆగింది.

నల్లటి ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకుని, చంకలో తువ్వాల చుట్టిన రంపంతో, మెట్లను కాలితో తడుముకుంటూ వచ్చాడు ఐలాచారి. బాగున్నరా సార్ అని, జవాబు కోసం ఆగకుండా నేరుగా కుర్చీ దగ్గరికి నడిచాడు. రెండు వేళ్లు ఆనించాడు. టక్. అద్దాల వెనక కళ్లు కనబడలేదు గానీ దవడ కదలడం కనబడింది.

"తప్పయింది సార్."

"తప్పు గాలే చారీ. ముందుగాల కూసో, చాయ్ తాగు."

"పని తప్పినంక కూసునుడేంది. యాడ పొట్టిగయిందో జూపియ్యుండ్రి."

"పొట్టిగ యాడ గాలే. నేనే పొట్టిగ మాట్లాడిన." చాయ్ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు. "పాతింట్ల ఆ మూలకు బండ దిగి ఉండె. నువ్వు నీళ్లు వోసి సూసినవ్. ఎడమ ముందుకాలు ఆ లోతుకు పెంచినవ్. గదే ఇది."

ఐలాచారి కుర్చీ వీపు పట్టుకున్నాడు. "నీళ్లు వోసిన్నా? నాకు యాదికి లేదు సార్. మీకెవలు చెప్పిన్రు?"

"మెర్సీ చెప్పింది."

"ఎప్పుడు?"

"నువ్వు వచ్చిపోయిన దినమే."

"చెల్లె చెప్పినంక నన్నెందుకన్నరు మరి?"

"ఇనలే చారీ. పేపర్ సదువుతున్న."

ఐలాచారి చంకలోని రంపం తీసి మంచం మీద పెట్టాడు. "మా ఇంటిది గూడ రోజు గదే తిడుతది" అన్నాడు. "కుర్చీ మలపుండ్రి." డానియల్ కుర్చీని తిరగేసి ఎత్తి పట్టుకుంటే, ఆయన వంగకుండానే ఎడమ ముందుకాలి అడుగున బొటనవేలు పెట్టి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నెమ్మదిగా జరిపాడు. మళ్లీ జరిపాడు. "వాలు చెక్కిన" అన్నాడు. "బండ ఎటు దిగిందో అటు వాలు. సూడుండ్రి, మీ వేలు వెట్టుండ్రి. తప్పు కోసినోడు వాలు చెక్కడు సార్." తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. ఎవరో తెలియని మంచి పనివాడి పని చూసినట్టు, ఆ కాలి అడుగు మీదినుంచి వేలు చాలాసేపు తీయలేదు. అప్పుడు కూర్చున్నాడు, మంచం మీద. చాయ్ తీసుకున్నాడు. సగం తాగి, "ఇగ కాలు కోద్దాం" అన్నాడు.

"ఉండనియ్యరాదు" అన్నాడు డానియల్. "ఆ మూలకు చేసింది గదా."

"ఆ మూల ఉన్నదా?"

"లేదు. మొన్ననే కూలగొట్టిన్రట."

"మరి? పండవెట్టి సూసుకోనీకి నేను దేన్ని చెయ్యలే సార్. కూసునేతందుకే చేసిన." సంచిలోంచి దారం తీశాడు. మంచం మీదే కూర్చుని, కుర్చీ కాలిని ఒళ్లోకి తీసుకుని, చిటికెన వేలుతో కొలిచి దారం చుట్టి, దాని వెంట పెన్సిల్ గీత దింపాడు. తరువాత తువ్వాల విప్పి రంపం బయటికి తీసి, పిడి డానియల్ వైపు తిప్పి పట్టుకున్నాడు.

"నేనా? నాకు రాదు చారీ."

"నన్ను వంగొద్దన్నరు. దుమ్ముల ఉండొద్దన్నరు. మా ప్రవళిక మీకు చెప్పే ఉంటది, దానికి నోరాగదు. ఇంక మీరే."

కుర్చీని దుప్పటి మీద పడుకోబెట్టి మోకాలితో అదిమాడు డానియల్. గీత మీద రంపం పెట్టాడు.  ఎన్ని వందల సార్లు ఎందరికి చెప్పాడు ఈ పని ఎంత గొప్పదో, ఒక్కసారి కూడా పిడి పట్టుకుని చూడలేదు. "నొక్కకుండ్రి సార్. దాని బరువుకు అదే దిగుతది, మీరు దారి జూపియ్యుండ్రి సాలు... మోచెయ్యి బయటికి వోతాంది... ఆగుండ్రి, ఊపిరి తీసుకోండ్రి. తొందరేమున్నది, నా వాపస్ బస్సు రెండింటికి గదా." అరవై ఏళ్లు ఎండి, పదకొండేళ్లు మనిషిని మోసిన చెక్క లోపల ఇంకా పచ్చిగానే వాసన వేసింది. డానియల్‌కు చెమట పట్టింది. గీతను తప్పుతున్నట్టు తెలుస్తూనే ఉంది, ఎటు తిప్పితే మళ్లీ గీత మీదికి వస్తుందో మాత్రం తెలియలేదు. బిస్కెట్టంత ముక్క తెగి దుప్పటి మీద పడింది.

కుర్చీని నిలబెట్టాడు. ఐలాచారి మంచం మీది నుంచి లేచి వచ్చి రెండు వేళ్లు ఆనించాడు. చప్పుడు రాలేదు. ఇటునుంచి ఆనించాడు. టిక్ మంది, చాలా చిన్నగా, గడియారంలో ముల్లు కదిలినంత.

ఐలాచారి ముఖం డానియల్ వైపు తిరిగింది. నల్ల అద్దాల కింద, నిన్నటి నుంచి బిగిసిపోయిన దవడ మొదటిసారి వదులైంది.

"ఇప్పుడున్నది సార్ తప్పు" అన్నాడు. "గిది మాత్రం నాది గాదు."

"మరి ఎట్ల?"

"నెలైతె అద్దాలు తీస్తరు. అప్పుడొచ్చి చిత్రిక పడత. అందాక మీ తప్పు మీద మీరే కూసోండ్రి."

డానియల్ కూర్చున్నాడు. కుర్చీ వెంట్రుకవాసి కదిలి ఆగింది. ఆయన వెనక్కి వాలాడు.